పరీక్షా వస్తువు: ఒక మణికట్టు

ఎర్రబండ ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్-రే తీసే మునిరత్నానికి ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో ఇష్టమైన మాట ఒక్కటే ఒక్కటి. అది 'ఏమీ లేదు'.

నిజానికి ఆ మాట అనే అధికారం ఆయనకు లేదు. పేషెంటును బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, మీట నొక్కడంతో ఆయన పని అయిపోతుంది. బొమ్మలో ఏముందో, ఏం లేదో చూసి రాయాల్సింది డాక్టరు. అయితే డాక్టరు వార్డులన్నీ తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. అంతదాకా బయట బెంచీ మీద కూర్చున్న మనిషి చస్తూ బతుకుతూ ఉంటాడు. అందుకని మునిరత్నం తలుపు సందులోంచి తల బయటపెట్టి, రహస్యం చెబుతున్నట్టు మొహం పెట్టి, వరండా మొత్తానికీ వినిపించేలా, "ఏమీ లే. డాక్టరు వచ్చినంక చీటీ రాయించుకోని పో" అనేవాడు.

ఆ మాట విన్న మొహాలు చూసి తీరాలి. దానిమ్మ తోటలో నిచ్చెన మీంచి పడ్డ కూలీ, నెలరోజుల దగ్గుతో నిద్రకు మొహం వాచిన ముసలాయన, బిడ్డ రూపాయి బిళ్ళ మింగిందని ఏడ్చుకుంటూ వచ్చిన తల్లి, అందరి మొహాలూ ఒక్కలాగే విచ్చుకునేవి. నేరుగా గేటు బయట టీ అంగడికి పోయి, తాము తాగింది కాక పక్కన నిలబడ్డవాళ్ళకు కూడా టీ ఇప్పించేవాళ్ళు. ఏదైనా ఉన్ననాడు మునిరత్నం తల బయటపెట్టడు. "కూచోండి, డాక్టరు వస్తాడు" అని లోపలి నుంచే అంటాడు. వచ్చిన పదిమందిలో ఆరుగురికి ఏమీ ఉండదు. ఆ లెక్కన తనంత అదృష్టవంతుడు జిల్లాలో లేడని ఆయన నమ్మకం.

సరిగ్గా ఆ లెక్కే ఆయన కొంప ముంచింది.

జిల్లా కేంద్రంలో 'వైద్య చిత్రణ ఫలితాల పర్యవేక్షణ విభాగం' అని ఒకటి కొత్తగా పుట్టింది. దానికి సంయుక్త సంచాలకులుగా శ్రీ కోదండపాణి గారు వచ్చారు. ఆయన డాక్టరు కారు. అంతకు ముందు బోరుబావుల విభాగంలో పనిచేసి, ఎన్ని బోర్లు వేస్తే ఎన్నింట్లో నీళ్ళు పడ్డాయో శాతాలు కట్టి, ఒట్టి బోర్లు వేసిన ఇంజనీర్లను హడలగొట్టి పేరు తెచ్చుకున్నవారు. కొత్త కుర్చీలో కూర్చున్న వారానికే ఆయన ఎక్స్-రేలలో కూడా ఒట్టి బోర్లు ఉన్నాయని కనిపెట్టారు. ఎర్రబండకు సర్క్యులర్ వచ్చింది.

'గత సంవత్సరము మీ ఆసుపత్రియందు తీయబడిన 6,214 చిత్రములలో 3,871 చిత్రములందు ఎట్టి వ్యాధిగాని, గాయముగాని లభించలేదని గమనించడమైనది. నీరు పడని చోట బోరు వేయుట ఎంతటి అపరాధమో, రోగము లేని చోట చిత్రము తీయుట అంతటి అపరాధము. ఇకపై ప్రతి చిత్రమందును ఏదో ఒకటి కనబడి తీరవలెను. ఆరు మాసములలో ఫలప్రద శాతము తొంబదికి చేరనిచో, సదరు యంత్రము రోగము సమృద్ధిగా లభించు వేరొక ఆసుపత్రికి తరలించబడునని హెచ్చరించడమైనది.'

ఎర్రబండ చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళకు ఆ యంత్రం ఒక్కటే దిక్కు. అది పోతే కాలు విరిగినవాడు రెండు బస్సులు మారి నలభై ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని దేవరదొనకు పోవాలి. మునిరత్నం ఆ కాగితం రెండుసార్లు చదివి, యంత్రం వంక చూసి, దాని మీది గుడ్డ సర్ది, సూపరింటెండెంటు గదికి పోయాడు.

సూపరింటెండెంటు డాక్టర్ పద్మనాభరాజు గారు మంచి మనిషి. కలరాకు భయపడలేదు, కరోనాకు భయపడలేదు. సర్క్యులర్ అంటే మాత్రం ఆయనకు చలిజ్వరం.

"మునిరత్నం, ఇంకమీద ఎముక విరిగినోళ్ళకే ఎక్స్-రే తియ్యి" అన్నారు.

"విరిగిందో లేదో ఎట్ల తెలుస్తుంది సార్?"

"ఎక్స్-రే తీస్తే తెలుస్తుంది."

"తీసినంక విరగలేదని తెలిస్తే?"

"అట్లయితే తియ్యకుండా ఉండాల్సింది" అన్నారు సూపరింటెండెంటు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. ఆ మాట తనకే తృప్తిగా లేనట్టు మళ్ళీ తుడుచుకున్నారు.

ఆలోచించి ఆలోచించి ఒక ఫారం తయారుచేశారు. 'నా శరీరమందలి ఫలానా ఎముక విరిగియున్నదని నా పూర్తి ఎరుకతో ధ్రువీకరించుచున్నాను. చిత్రమందు అది విరిగినట్లు కనబడని యెడల అందుకు నేనే బాధ్యుడను' అని అందులో రాసి ఉంటుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రోగం తెలియకముందే రోగానికి సంతకం. మొదటి రోజు వచ్చినవాడు గొర్రెల కాపరి. కుడిచెయ్యి తువ్వాలుతో మెడకు కట్టుకుని ఉన్నాడు. ఫారం చదివి వినిపిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విరిగిందో లేదో చూస్తారని నేనొస్తే, విరిగిందని నన్నే రాసియ్యమంటారేంది సామీ? తెలిసుంటే ఈడికెందుకొస్తా? నేరుగా చెంగమ్మ కాడికే పోయి కట్టు కట్టించుకుంటా గదా" అన్నాడు. అని ఆ చెంగమ్మ దగ్గరికే పోయాడు.

మూడు నెలలు గడిచేసరికి శాతం అరవై నాలుగు దగ్గర ఆగిపోయింది. 'మీ ప్రగతి మందకొడిగా ఉన్నందుకు విచారించడమైనది' అని ఇంకో కాగితం వచ్చింది. ఆ రాత్రంతా నిద్రపట్టని సూపరింటెండెంటుకు తెల్లవారుజామున కొబ్బరికాయ గుర్తొచ్చింది. కిందటి ఎండాకాలంలో ఆయన పెరట్లో బోరు వేయించినప్పుడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగిన ఒకాయన, టెంకాయ నిక్కి నిలబడ్డ చోట చూపిస్తే అక్కడే నీళ్ళు పడ్డాయి. పొద్దున్నే మునిరత్నాన్ని పిలిపించారు.

"బోరు వేసే ముందు టెంకాయతో చూసేవాడు ఉంటాడు గదా. ఎక్స్-రే ముందు మనకూ అట్లాంటి మనిషి ఒకడు కావల్ల."

"ఉండాది సార్" అన్నాడు మునిరత్నం. "గేటు ముందరే ఉండాది."

కట్టు చెంగమ్మది నాలుగు తరాలుగా ఎముకలు కట్టే కుటుంబం. గేటు ఎదురుగా రేకుల పంచలో నలభై ఏళ్ళుగా కూర్చుని, కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురుదబ్బలతో కట్లు కడుతోంది. బొటనవేలుతో ఎముక వెంబడి ఒక్కసారి తడిమి, విరిగింది విరగలేదు అని చెబుతుంది. చెప్పింది తప్పిన గుర్తు ఎవరికీ లేదు. ఆమెకు కనిపించేలాగే ఆసుపత్రి వరండాలో 'నాటువైద్యులను నమ్మి మోసపోకండి' అని పెద్ద బోర్డు తగిలించి ఉంది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు. సూపరింటెండెంటు స్వయంగా రోడ్డు దాటి ఆమె పంచలోకి పోయారు.

"ఏంది నాయనా, ఇన్నేండ్లు నన్ను నమ్మొద్దని బోర్డు పెట్టి, ఇప్పుడు నన్నే లోపలికి రమ్మంటావా?" అంది చెంగమ్మ.

"నీకు కుర్చీ, ఫ్యాను ఇస్తామమ్మా. బోర్డు తీయాలంటే మాత్రం పైనుంచి ఉత్తర్వు రావల్ల. అంతదాకా దాని కిందనే కూచోవాల."

"తీయొద్దులే. సంచి తగిలించుకునేదానికి పనికొస్తాది" అంది ఆమె.

ఆ విధంగా చెంగమ్మ 'చిత్రణ పూర్వ స్పర్శ సలహాదారు' అయింది. ఆకువక్కల సంచి బోర్డుకు తగిలించి, వచ్చినవాళ్ళ కాళ్ళూ చేతులూ తడిమి, "విరిగింది, లోపలికి పో" అనో, "విరగలే, ఇంటికి పో" అనో చెప్పేది. లోపలికి పోయినవాళ్ళందరికీ విరిగే ఉండేది. ఆ నెల శాతం నూటికి నూరు. సూపరింటెండెంటు గారు చాన్నాళ్ళకు కడుపునిండా తిన్నారు.

మునిరత్నానికి మాత్రం అన్నం సయించలేదు. మీట నొక్కితే విరిగిన ఎముక, మళ్ళీ నొక్కితే ఇంకో విరిగిన ఎముక. మూడు వారాలు ఆయన తలుపు సందులోంచి తల బయటపెట్టలేదు. "ఏం మునిరత్నమన్నా, జనం టీలు తాగడం మానేసిరే" అని టీ అంగడి ఆయన కూడా వాపోయాడు.

అప్పుడొచ్చింది ఎల్లమ్మ. ఇటుకబట్టీలో పనిచేసే మనిషి. రెండు నెలలుగా దగ్గు. ఆమె మొగుడు పోయింది ఊపిరితిత్తుల జబ్బుతోనే. తనకూ అదే అంటుకుందని బట్టీ దగ్గరివాళ్ళు ఆమెను దూరంగా కూర్చోబెడుతున్నారు. చెంగమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి తీసేసింది.

"ఎముకలైతే చెప్తానమ్మా. ఊపిరి సంగతి నా యేలికి తెలవదు."

ఇక మిగిలింది ఫారమే. తనకు జబ్బు ఉన్నదని తానే రాసివ్వాలి. ఎల్లమ్మ ఆ కాగితం పట్టుకుని బెంచీ మీద గంటసేపు కూర్చుంది. "ఉందని రాస్తే నిజంగా ఉంటుందేమోనని భయంగా ఉండాది సార్" అంది చివరికి. మునిరత్నానికి మనసు చివుక్కుమంది. లోపలికి పోయి, బీరువాలోంచి యంత్రంతో పాటు వచ్చిన పాత నిబంధనల పుస్తకం తీశాడు. పన్నెండో పేజీలో ఆయనకు కావలసింది దొరికింది.

'ప్రతిదినము పని ఆరంభించుటకు ముందును, అవసరమని తోచిన ఇతర సమయములందును, తగిన వస్తువునొకదానిని ఉంచి యంత్రమును పరీక్షించి, ఫలితమును యంత్ర పరీక్ష రిజిస్టరులో నమోదు చేయవలెను. ఇట్టివి చిత్రముల లెక్కలోనికి రావు.'

ఇన్నేళ్ళూ ఆయన తన తాళంచెవుల గుత్తి పెట్టి పరీక్షించేవాడు. ఆ పూట ఎల్లమ్మను నిలబెట్టాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. తెర మీద రెండు ఊపిరితిత్తులూ తేటగా కనిపించాయి. రిజిస్టరు తెరిచి, పరీక్షా వస్తువు: ఒక ఛాతీ, ఫలితం: యంత్రం బాగుంది, అని రాశాడు. డాక్టరుకు కూడా చూపించి వచ్చి, తలుపు సందులోంచి తల బయటపెట్టాడు.

"ఏమీ లే, ఎల్లమ్మా. బట్టీ దుమ్ముకు వచ్చిన దగ్గు. మందు రాసిస్తారు" అన్నాడు. ఎల్లమ్మ బెంచీ మీదే కూర్చుని ఏడ్చింది. టీ అంగడి ఆయనకు ఆ రోజు బోణీ అయింది.

ఆ తర్వాత యంత్రాన్ని పరీక్షించాల్సిన అవసరం మునిరత్నానికి తరచుగా తోచసాగింది. బొమ్మలో ఏదైనా కనబడితే దాన్ని అసలు పుస్తకంలో ఎక్కించేవాడు. ఏమీ లేకపోతే యంత్రం బాగుందని రాసుకునేవాడు. చెంగమ్మ కూడా కలిసొచ్చింది. "విరగలే. నా మాట నమ్మి ఇంటికి పోతావా, మిషను టెస్టుకు పోతావా?" అని అడిగేది. నెల తిరక్కుండా ఊరందరికీ మర్యాద తెలిసిపోయింది. ఎవరూ ఎక్స్-రే తియ్యమని అడగరు. తలుపు దగ్గర నిలబడి, "అన్నా, మిషను ఎట్లుండాది? టెస్టు ఏమన్నా చేసుకుంటావా?" అని దాని యోగక్షేమాలు అడుగుతారు. సూపరింటెండెంటు ఆ రిజిస్టరు ఉన్న వైపు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నారు.

వరసగా ఏడు నెలలు నూటికి నూరు వచ్చేసరికి జిల్లా కేంద్రం నివ్వెరపోయింది. కోదండపాణి గారు ఇత్తడి షీల్డు తీసుకుని స్వయంగా విచ్చేశారు. ఆయన కారు వెనకే ఖాళీ లారీ ఒకటి వచ్చి ఆగింది. షీల్డు అంత పెద్దదా అని జనం ఆశ్చర్యపోయారు.

ఆవరణలో షామియానా వేశారు. కోదండపాణి గారు మైకు ముందు నిలబడ్డారు.

"నూటికి నూరు. ఇది సామాన్య విషయం కాదు. ఈ ఆసుపత్రి వారు ఎక్కడ వేస్తే అక్కడ రోగం పడింది. దీనిని బట్టి మనకు తేటతెల్లమగుచున్నదేమి? చిత్రం తీయకముందే రోగమున్నదని ఈ సంస్థకు సంపూర్ణంగా తెలియుచున్నది. తెలిసినదానిని తెలుసుకొనుటకు యంత్రమేల? నీళ్ళు పడ్డ బోరు పక్కనే మళ్ళీ బోరు వేయుదుమా? కావున ఈ సంస్థ యంత్రావసర దశను దాటి పురోగమించినట్లు ప్రకటిస్తూ, సదరు యంత్రమును నేడే దేవరదొనకు తరలించుటకు ఆనందిస్తున్నాను."

చావు కబురు ఇంత చల్లగా చెప్పినవాణ్ణి ఎర్రబండ అంతకు ముందు చూడలేదు. సూపరింటెండెంటు గారు అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టి, మధ్యలో అర్థమై, చేతులు అలాగే జోడించుకుని నిలబడ్డారు. శాతం తక్కువైతే తీసుకుపోతామన్నారు, ఎక్కువైందని తీసుకుపోతున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఎల్లమ్మ లాంటివాళ్ళు రేపటినుంచి రెండు బస్సులు మారి పోలేరు, పోరు కూడా. ఆ సంగతి తలుచుకుంటే మునిరత్నానికి ఏడుపొచ్చింది.

లారీ మనుషులు వరండా మెట్ల మీద చెక్కపలకలు పరిచారు. కోదండపాణి గారు యంత్రానికి సగౌరవంగా వీడ్కోలు పలకాలని వాళ్ళకంటే ముందు పలక మీద కాలు పెట్టారు. పలక జారింది. ఆయన షీల్డుతో సహా కిందపడ్డారు.

"అమ్మా, నా చెయ్యి" అన్నారు. మైకు ముందు మాట్లాడిన మనిషి, ఈ మనిషి ఒక్కడేనంటే ఎవరూ నమ్మరు.

చెంగమ్మ అందరికంటే ముందొచ్చి ఎడమచేతి మణికట్టు తడిమింది. "విరగలే. బెణికింది" అంది.

"నాటువైద్యం నేను నమ్మను. వెంటనే ఎక్స్-రే తీయండి" అన్నారు ఆయన.

సూపరింటెండెంటు గారు వినయంగా వంగారు. "తమ ఉత్తర్వు ప్రకారం వీలుకాదు సార్. సలహాదారు విరగలేదన్న తర్వాత తీస్తే ఒట్టి చిత్రం అవుతుంది. మా నూటికి నూరు పోతుంది. తమరు ఇచ్చిన షీల్డు మళ్ళీ తమరే తీసుకుపోవాల్సి వస్తుంది."

"ఒకవేళ విరిగి ఉంటే?"

"ఉంటే మా అదృష్టం సార్. విరిగే ఉండాలని అందరం కోరుకుందాం. ఆ ముక్క తమరు ఫారం మీద రాసి సంతకం పెడితే చాలు" అని సూపరింటెండెంటు కాగితం, కలం ముందు పెట్టారు. ఆ మనిషికి అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియదు.

కోదండపాణి గారు ఫారం చదివారు. అది తన సర్క్యులర్‌కు పుట్టిన బిడ్డే. కలం పట్టుకున్నారు కానీ చెయ్యి సాగలేదు. విరిగిందని రాయడానికి భయం, రాయకపోతే తెలియదన్న భయం. గంటసేపు బెంచీ మీద కూర్చున్న ఎల్లమ్మ మొహమే మునిరత్నానికి ఆయనలో కనబడింది. జాలేసింది.

"సార్, పొద్దున్నుంచి మా మిషను మీద నాకెందుకో అనుమానంగా ఉండాది. టెస్టు చేసుకుంటాను. మీరు వచ్చి ఆ బల్ల మీద చెయ్యి పెడితే చాలు" అన్నాడు.

చెయ్యి పెట్టించాడు. మీట నొక్కాడు. తెర మీద ఎముకలు వచ్చాయి. కోదండపాణి గారు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

"ఏమీ లేదు సార్" అన్నాడు మునిరత్నం.

ఆయన ఒక కన్ను తెరిచారు. "ఏమన్నావు?"

"ఏమీ లేదు. చెంగమ్మవ్వ చెప్పినట్టు బెణికింది, అంతే."

"ఇంకొకసారి చెప్పు."

మునిరత్నం ఇంకొకసారి చెప్పాడు. కోదండపాణి గారి మొహం దానిమ్మ తోట కూలీ మొహంలాగే విచ్చుకుంది. స్టూలు మీద కూలబడి, మంచినీళ్ళడిగి తాగి, తెర మీది ఎముకలను చాలాసేపు చూశారు. "బాగున్నాయి కదా" అన్నారు, ఎవరినీ అడగనట్టుగా.

అప్పుడే ఆయన చూపు రిజిస్టరు మీద పడింది. మునిరత్నం అప్పటికే రాసేశాడు. పరీక్షా వస్తువు: ఒక మణికట్టు. ఫలితం: యంత్రం బాగుంది. కోదండపాణి గారు పేజీలు వెనక్కి తిప్పారు. ఒక మోకాలు, ఒక మోకాలు, ఒక నడుము, ఒక ఛాతీ. ఏడు నెలల్లో రెండు వేల నూట ఎనభై నాలుగు పరీక్షలు. యంత్రం రెండు వేల నూట ఎనభై నాలుగు సార్లూ బాగుంది. లెక్కల మనిషికి లెక్క అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. చెంగమ్మ గుమ్మంలో నిలబడి ఆకులో సున్నం రాసుకుంటోంది. సూపరింటెండెంటు గారు గోడమీది క్యాలెండరు చదువుతున్నారు. మునిరత్నం తన ఉద్యోగానికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

కోదండపాణి గారు తన మణికట్టు తాను నిమురుకుని, గొంతు సవరించుకున్నారు. మాటల్లోకి మైకు మళ్ళీ వచ్చింది.

"సూపరింటెండెంటు గారూ, ఉత్తర్వు రాసుకొనండి. ఎర్రబండ ఆసుపత్రియందు యంత్ర పరీక్షలు అత్యంత శ్రద్ధతో జరుపబడుచున్నవని స్వయముగా గమనించడమైనది. యంత్రము లేనిచో యంత్రమును పరీక్షించుట సాధ్యము కానందున, సదరు యంత్రమును పరీక్షల నిమిత్తము ఇచ్చటనే ఉంచవలెనని ఆదేశించడమైనది."

లారీ ఖాళీగా వెనక్కి పోయింది. సొట్టపడ్డ షీల్డు ఎర్రబండకే మిగిలింది. చెంగమ్మ వేసిన పసరు పట్టీతో కోదండపాణి గారు కారెక్కారు. ఎక్కేముందు టీ అంగడి దగ్గర ఆగి, తాను తాగి, డ్రైవరుకూ లారీ వాళ్ళకూ ఇప్పించారు.

వారం తర్వాత, బెంచీ మీద పదిహేను మంది యంత్రం కుశలం అడగడానికి కూర్చుని ఉండగా, ఎక్స్-రే గదిలో ఫోను మోగింది.

"నేను, కోదండపాణిని" అంది అవతలి గొంతు. "మా అమ్మకు రెండు నెలలుగా నడుం నొప్పి. రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఏమైందోనని ఇంట్లో అందరికీ దిగులు... అందుకని అడుగుతున్నా. రేపు మీకు యంత్రాన్ని పరీక్షించుకునే ఉద్దేశం ఏమైనా ఉందా?"

"తోలుకురండి సార్" అన్నాడు మునిరత్నం. "మా మిషను మీద మాకు రోజూ అనుమానమే."